పది ఎంఎల్‌డీ క్లారిఫ్లాక్యులేటర్: లెక్కలు, తేడా వచ్చే చోట్లు

గోదావరి డెల్టాలో ఒక మున్సిపాలిటీకి రోజుకు కోటి లీటర్ల, అంటే 10 ఎంఎల్‌డీ తాగునీటి ప్లాంటు కట్టాలనుకుందాం. నీళ్లు కాలువవి. వరదల కాలంలో ఒండ్రు కలిసి ఎర్రగా వస్తాయి. చలికాలంలో చాలావరకు తేటగా ఉంటాయి. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక ఎస్‌ఎస్ (సమ్మర్ స్టోరేజీ) ట్యాంకులో నిల్వ ఉన్న పచ్చ నీరే దిక్కు. ఈ మూడు రకాల నీళ్లనూ ఒకటే క్లారిఫ్లాక్యులేటర్ (మధ్యలో నీటిని మెల్లగా కలిపి, చుట్టూ ఉన్న వలయంలో మడ్డిని దింపే గుండ్రటి ట్యాంకు) తేర్చి ఫిల్టర్లకు పంపాలి. అక్కడికి చేరే నీరు 10 ఎన్‌టీయూ (నీటి మడ్డితనాన్ని కొలిచే యూనిట్) లోపు ఉంటేనే ఫిల్టర్లు ఊపిరి పీల్చుకుంటాయి. దాటితే పదే పదే బ్యాక్‌వాష్ (నీటిని వెనక్కి పారించి ఫిల్టరును కడగడం), కడిగిన నీళ్లన్నీ వృథా. కుళాయి దగ్గర తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 కోరేది 1 ఎన్‌టీయూ, వేరే గత్యంతరం లేకపోతే 5.

డీపీఆర్ (ప్రాజెక్టు వివరాల నివేదిక)లో సెటిలింగ్ ట్యాంకు పేజీ తిప్పితే మొట్టమొదట కనిపించేది డిటెన్షన్ టైమ్, అంటే నీరు ట్యాంకులో ఉండే సమయం. రెండున్నర గంటలు అని రాసి, దాంతో ఘనపరిమాణం కట్టి, నాలుగు మీటర్ల లోతు అనుకుని, మిగిలింది వైశాల్యం అంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల పద్ధతి. లోతు పెంచి గంటలు చూపించొచ్చు, కానీ ఫ్లాక్ (పటికతో అతుక్కుని ముద్దకట్టిన మడ్డి) దిగదు.

ఎందుకో చూడండి. ట్యాంకులో నీరు వియర్ (తేరిన నీరు పొర్లి బయటికి పోయే అంచు) వైపు లేచే వేగం, ప్రవాహాన్ని పై వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే. ఫ్లాక్ దిగే వేగం అంతకంటే ఎక్కువైతే అడుగుకు చేరుతుంది, తక్కువైతే నీటితో పాటు పైకి పోతుంది. ఈ లెక్కలో లోతు ఎక్కడా లేదు. లోతు రెండింతలు చేస్తే నీరు ఉండే సమయం రెండింతలవుతుంది, ఫ్లాక్ దిగాల్సిన దూరమూ రెండింతలవుతుంది. మిగిలిన లాభం సున్నా. అలెన్ హేజెన్ 1904లోనే చెప్పిన మాట ఇది. లోతు కావాల్సింది అడుగున బురదకు చోటు ఉండటానికి, పైన పారే నీరు ఆ బురదను మళ్లీ లేపకుండా ఉండటానికి. దానికి మూడు మీటర్లు చాలు.

పటిక లేకుండా ఎందుకు కుదరదో కూడా అంకెల్లోనే ఉంది. 20 డిగ్రీల నీటిలో 0.1 మిల్లీమీటర్ల ఇసుక రేణువు సెకనుకు సుమారు 9 మిల్లీమీటర్లు దిగుతుంది, అంటే మూడు మీటర్లు దిగడానికి అయిదున్నర నిమిషాలు. అదే 0.01 మిల్లీమీటర్ల ఒండ్రు రేణువుకు తొమ్మిది గంటల పైమాట. 0.001 మిల్లీమీటర్ల బంకమట్టి రేణువుకు 38 రోజులు. వ్యాసం పదో వంతుకు తగ్గితే వేగం వందో వంతుకు పడిపోతుంది. అందుకే సన్న రేణువులను ముందు ఒకదానికొకటి అతికించి పెద్దవి చేయాలి. బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపే రోజుల్లోనూ జరిగింది ఇదే.

ఇక లెక్కకు వద్దాం. పటిక వేసిన నీటికి గుండ్రటి క్లారిఫయర్‌లో సీపీహెచ్‌ఈఈఓ (కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ) మాన్యువల్ చెప్పే సర్ఫేస్ లోడింగ్, అంటే పై వైశాల్యం మీద పడే ప్రవాహం, రోజుకు చదరపు మీటరుకు 30 నుంచి 40 క్యూబిక్ మీటర్లు. డెల్టా నీటికి 30 దాటొద్దంటాను. నాచుతో ఏర్పడే ఫ్లాక్ తేలిక, 40 దగ్గర అది నిలవదు. 30 అంటే గంటకు 1.25 మీటర్లు, సెకనుకు 0.35 మిల్లీమీటర్లు.

10,000ను 30తో భాగించి 333 చదరపు మీటర్లు అని రాసేస్తే మొదటి తప్పు అక్కడే పడుతుంది. ప్లాంటు 24 గంటలూ నడవదు. కరెంటు కోతలు, పంపు మార్పిడి, షిఫ్టు మారడం అన్నీ పోగా 22 గంటలు అనుకుంటే గంటకు 455 క్యూబిక్ మీటర్లు తోడాలి. దానికి తోడు బురదతో పోయే నీరు, వెనక్కి తెచ్చి కలిపే బ్యాక్‌వాష్ నీరు ఉంటాయి. రెండూ కలిపి నాలుగున్నర శాతం వేస్తే గంటకు 475. దాన్ని 1.25తో భాగిస్తే 380 చదరపు మీటర్లు. కాగితం మీది 333కూ దీనికీ తేడా 14 శాతం. వరద రోజున వియర్ మీద దూదిపింజల్లా ఫ్లాక్ పొర్లడానికి ఆ తేడా చాలు.

ట్యాంకు ఒకటే కట్టొద్దు, రెండు కట్టండి. ఒకదాన్ని ఖాళీ చేసి కడిగే రోజు ఊరికి సగం నీళ్లయినా వెళ్లాలి. ఒక్కోదానికి గంటకు 237.5 క్యూబిక్ మీటర్లు.

మధ్యలో ఫ్లాక్యులేటర్ (నీటిని మెల్లగా కలిపి ఫ్లాక్ కట్టించే గది): 30 నిమిషాలకు 119 క్యూబిక్ మీటర్లు, లోతు 3 మీటర్లు, వైశాల్యం 39.6 చదరపు మీటర్లు. మధ్యన ఒక మీటరు వ్యాసం ఇన్లెట్ షాఫ్ట్ పోను లోపలి వ్యాసం 7.2 మీటర్లు సరిపోతుంది. గోడ 200 మిల్లీమీటర్లయితే బయటి వ్యాసం 7.6. క్లారిఫయర్ వలయానికి 190 చదరపు మీటర్లు కావాలి కాబట్టి ట్యాంకు వ్యాసం 17.4 మీటర్లు తీసుకుంటే వలయం 192.4 వస్తుంది. లోడింగ్ 29.6. పక్క లోతు 3 మీటర్లకు 577 క్యూబిక్ మీటర్లు, సమయం 2.4 గంటలు. చూశారా, డిటెన్షన్ టైమ్ చివర్లో తనంతట తానే వచ్చింది. దాన్ని ముందు పెట్టుకోవాల్సిన పని లేదు.

ఫ్లాక్యులేటర్ గోడ కింద నీరు వలయంలోకి దాటే ఖాళీ కూడా లెక్కతో ఇవ్వాలి. నిమిషానికి 0.3 మీటర్ల వేగం దాటకూడదనుకుంటే 13.2 చదరపు మీటర్లు కావాలి. గోడ చుట్టుకొలత 23 మీటర్ల పైచిలుకు, కాబట్టి ఖాళీ సుమారు 0.57 మీటర్లు. దీన్ని 0.2కు కుదిస్తే అరగంట కష్టపడి కట్టిన ఫ్లాక్ అక్కడే చితికిపోతుంది, ఆ ధార అడుగున ఉన్న బురదనూ లేపుతుంది. అన్నట్టు ఈ ఖాళీని బురద నిండే ఎత్తుకు పైన కొలవాలి, స్లాబు నుంచి కాదు.

ఫ్లాక్యులేటర్‌లో నీటిని కలిపే తెడ్ల మోటారు గురించి చాలామందికి అపోహ ఉంది. జీ విలువ (నీటిని ఎంత జోరుగా కలుపుతున్నామో చెప్పే అంకె) సెకనుకు 40, నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు అనుకుంటే 119 క్యూబిక్ మీటర్లకు నీటిలో దిగాల్సిన శక్తి 152 వాట్లే. ఇంట్లో తిరిగే రెండు సీలింగ్ ఫ్యాన్లంత. గేర్‌బాక్స్ నష్టాలకు, మొదలయ్యేటప్పటి భారానికి పెద్ద మోటారు పెట్టక తప్పదు, కానీ అంత మోటారు ఉంది కదా అని వేగం పెంచకూడదు. తెడ్డు చివర వేగం సెకనుకు 0.4 మీటర్ల దగ్గర ఉంచండి. 0.6 దాటితే ఫ్లాక్ విరుగుతుంది, విరిగిన అల్యూమినియం ఫ్లాక్ మళ్లీ అంత పెద్దదిగా కట్టదు. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) పెట్టించుకుంటే వరదకు ఒక వేగం, చలికాలపు తేట నీటికి ఒక వేగం ఇవ్వొచ్చు. నా లెక్కలో అది దండగ ఖర్చు కాదు.

దీనికి ముందు ఫ్లాష్ మిక్సర్ (పటికను నీటిలో వేగంగా కలిపే తొట్టి), 60 సెకన్లకు దాదాపు 8 క్యూబిక్ మీటర్లు. దాని తర్వాత, ఫ్లాక్ పుట్టకముందే, నీటిని రెండు ట్యాంకులకు పంచాలి. ఈ పంపకాన్ని రెండు వాల్వుల మీద వదిలేయడం అన్ని చోట్లా చూసే పొరపాటు. వాల్వు ఎంత తిప్పితే ఎంత పారుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక ట్యాంకుకు 60 శాతం పోతే అందులో లోడింగ్ 35 దాటుతుంది, పక్క ట్యాంకు హాయిగా ఉంటుంది, ఆపరేటరేమో పటిక సరిపోలేదనుకుని డోసు పెంచుతాడు. ఒకే మట్టంలో ఒకే పొడవున్న రెండు వియర్లతో ఒక డివిజన్ బాక్సు కడితే ఈ గొడవే ఉండదు.

ఇప్పుడు వియర్. బయటి లాండర్‌కు (వియర్ దాటిన నీటిని పట్టే కాలువ) చుట్టుకొలత 54.7 మీటర్లు, వియర్ లోడింగ్ రోజుకు మీటరుకు 104 క్యూబిక్ మీటర్లు. పరిమితి 300 కాబట్టి కాగితం మీద నిశ్చింత. కానీ మొత్తం కథ మట్టంలో ఉంది. చదునైన వియర్ అయితే దాని మీద పారే నీటి మందం ఏడున్నర మిల్లీమీటర్లే. కాంక్రీటు పనిలో ఒక పక్క 10 మిల్లీమీటర్లు ఎత్తు రావడం మామూలు విషయం. అప్పుడు ఆ పక్క ఎండిపోతుంది, నీరంతా రెండో పక్క నుంచే పోతుంది, ట్యాంకులో సగం ఉండీ లేనట్టే. అందుకే 90 డిగ్రీల వీ-నాచ్ (వీ ఆకారపు కోతలున్న) ప్లేట్లు. 300 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున 182 నాచ్‌లు, ఒక్కోదానిలో నీటి ఎత్తు 37 మిల్లీమీటర్లు. ఇక్కడ కూడా రెండు చివరల మధ్య 10 మిల్లీమీటర్ల తేడా ఉంటే ఒక పక్క 32, రెండో పక్క 42 అవుతుంది. ప్రవాహం ఎత్తుకు రెండున్నర ఘాతంతో పెరుగుతుంది కాబట్టి ఆ పక్క దాదాపు రెట్టింపు పారుతుంది. ప్లేటుకు నిలువు స్లాట్లలో బోల్టులు పెట్టించి, ట్యాంకు నిండా నీళ్లు నింపి, నిలిచిన నీటి అంచునే మట్టంగా తీసుకుని బిగించండి. డంపీ లెవెల్ (మట్టం చూసే సర్వే పరికరం) కంటే అదే నమ్మకం. ట్యాంకు మొదటి ఏడాదిలో కాస్త కుంగొచ్చు కాబట్టి ఏడాది తర్వాత ఇంకోసారి చూడాలి.

మట్టం అంతా సరిగ్గా ఉన్నా వియర్ పక్కనే ఫ్లాక్ లేస్తుంటే అది సాంద్రత ప్రవాహం. బురద నీరు బరువు. ఫ్లాక్యులేటర్ నుంచి దిగి, అడుగున పాకి, బయటి గోడకు తగిలి, గోడ వెంబడే పైకి లేస్తుంది. అక్కడ ఏముంటుంది? వియర్. గోడకు వియర్ కింద ఓ మీటరు దిగువన లోపలికి వాలుగా ఒక బ్యాఫిల్ పలక బిగిస్తే ఆ ధార మళ్లీ మధ్యకు తిరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఇందుకు వ్యతిరేకం జరుగుతుంది. ఎస్‌ఎస్ ట్యాంకు పైపొర నుంచి వెచ్చటి నీరు వస్తే అది ట్యాంకులో పైనే తేలి నేరుగా వియర్‌కు పోతుంది. 28 డిగ్రీల ప్రాంతంలో ఒక్క డిగ్రీ తేడా తెచ్చే బరువు తేడా, లీటరుకు 450 మిల్లీగ్రాముల ఒండ్రు తెచ్చే తేడాతో సమానం. కాబట్టి ఉదయం బాగుండి మధ్యాహ్నం మూడింటికి చెడి, రాత్రికి మళ్లీ బాగుపడే ట్యాంకులో పటిక డోసు జోలికి వెళ్లకండి, ముందు థర్మామీటర్ ముంచి చూడండి. ఇన్‌టేక్‌ను పైపొర నుంచి కాకుండా ఒకటిన్నర మీటరు కింది నుంచి తీసుకునే ఏర్పాటు ఉంటే సగం బాధ తీరుతుంది, నాచూ తగ్గుతుంది.

పటిక డోసు తేల్చే జార్ టెస్ట్ అందరూ చేస్తారు, చాలామంది దాన్ని తప్పుగా చదువుతారు. 10 గ్రాముల పటికను లీటరు నీటిలో కరిగిస్తే ఒక మిల్లీలీటరు, లీటరు జార్‌లో 10 మిల్లీగ్రాముల డోసు. ఆరు జార్లలో 10 నుంచి 60 దాకా వేసి, నిమిషం పాటు 100 ఆర్‌పీఎం, తర్వాత 20 నిమిషాలు 30 ఆర్‌పీఎం తిప్పాలి. ఇంతవరకు బాగానే చేస్తారు. ఆ తర్వాత అరగంట కదపకుండా ఉంచి పైనుంచి శాంపిల్ తీస్తారు. పది సెంటీమీటర్లు అరగంటలో దిగితే చాలంటే అది రోజుకు 4.8 మీటర్ల లోడింగ్. మన ట్యాంకు నడిచేది 30 దగ్గర! అరగంట జార్‌లో ఏ డోసైనా బాగానే కనిపిస్తుంది. 1.25 మీటర్ల వేగానికి పది సెంటీమీటర్లు దిగాల్సిన సమయం 4.8 నిమిషాలు. నిజం ట్యాంకులో ప్రవాహం జార్‌లోలా ప్రశాంతంగా ఉండదు కాబట్టి ఒకటిన్నర రెట్లు జాగ్రత్త కలుపుకుంటే మూడు నిమిషాలు దాటి కొన్ని సెకన్లు. పది సెంటీమీటర్ల లోతున పక్క కుళాయి ఉన్న జార్ తీసుకుని 3, 5, 10 నిమిషాలకు శాంపిళ్లు పట్టండి. మూడో నిమిషం శాంపిల్ 10 ఎన్‌టీయూ లోపు వచ్చిన డోసే మీ డోసు.

డోసు లీటరుకు 40 మిల్లీగ్రాములు తేలితే గంటకు 19 కిలోల పటిక, పది శాతం ద్రావణంలో 190 లీటర్లు. 40 మిల్లీగ్రాముల పటిక సుమారు 20 మిల్లీగ్రాముల ఆల్కలినిటీని (పీహెచ్ పడిపోకుండా ఆపే క్షార గుణం) తినేస్తుంది. ఆల్కలినిటీ కొలవకుండా పటిక పెంచుకుంటూ పోతే పీహెచ్ పడిపోయి ఫ్లాక్ కట్టడం మానేస్తుంది. నీరు పాలలా ఉంటుంది, ఎంత వేసినా తేరదు. పటిక వేశాక కనీసం 20, 30 మిల్లీగ్రాములు మిగలాలి. లేకపోతే సున్నం, అదీ పటిక పడేచోట కాకుండా కాస్త ముందు. నాచు నీటిలో సమస్య రెండో చివర. మధ్యాహ్నానికి కిరణజన్య సంయోగక్రియతో పీహెచ్ 8.5 దాటుతుంది, అల్యూమినియం కరిగిన రూపంలోనే ఫిల్టరు దాటిపోతుంది. ఐఎస్ 10500లో దాని హద్దు లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, గత్యంతరం లేకపోతే 0.2. పైగా నాచు విడిచే ఆక్సిజన్ బుడగలు ఫ్లాక్‌ను పైకి తేలుస్తాయి. అలాంటి రోజుల్లో ముందుగా కొద్దిగా క్లోరిన్ ఇవ్వడం పనికొస్తుంది.

బురద లెక్క డిజైన్‌లో ఒక వాక్యంతో తేలిపోతుంటుంది, నడిపేటప్పుడు ఎక్కువ ఏడిపించేది అదే. వరద రోజున మడ్డి లీటరుకు 300 మిల్లీగ్రాములు, పటిక 40 అనుకుందాం. పటిక నుంచి దాని బరువులో నాలుగో వంతు నుంచి 0.4 వంతు దాకా బురద పుడుతుంది. పై అంకె తీసుకుంటే లీటరుకు 316 మిల్లీగ్రాములు, రోజుకు 3,160 కిలోల పొడి బరువు. రెండు శాతం చిక్కదనంతో వస్తే 158 క్యూబిక్ మీటర్లు, ఒక్కో ట్యాంకు నుంచి 79. చలికాలంలో మడ్డి 20, పటిక 15 అయితే మొత్తం 260 కిలోలే. అంటే వరదకు, చలికాలానికి పన్నెండు రెట్ల తేడా. ఏడాదంతా షిఫ్టుకు ఒకసారి పది నిమిషాలు వాల్వు తెరిచే అలవాటుతో ఇది కుదరదు.

పైగా పది నిమిషాలు ఏకబిగిన తెరిస్తే మొదటి నిమిషం చిక్కటి బురద వస్తుంది, ఆ తర్వాత హాపర్‌లో (అడుగున బురద చేరే గుంట) బురద మధ్య బొరియ పడి పైనున్న తేట నీరే పోతుంది. చుట్టూ బురద అలాగే ఉంటుంది. 200 మిల్లీమీటర్ల పైపులో సెకనుకు 1.5 మీటర్ల వేగంతో గంటకు ఒకసారి 75, 80 సెకన్లు తెరిస్తే చాలు, గంటలో పోగయ్యే 3.6 క్యూబిక్ మీటర్లు పోతాయి. వచ్చే బురద రంగు పలచబడగానే మూసేయాలి. ఈ పని చేతి వాల్వుతో రోజుకు ఇరవై రెండుసార్లు ఎవరూ చేయరు, టైమర్ ఉన్న వాల్వు పెట్టించండి. బురద పైపు 150 కంటే చిన్నది వేయొద్దు. వంపుల దగ్గర కడిగే నీటి కనెక్షన్ ఉంచండి.

అడుగు వాలు 12కు 1. ఈ ట్యాంకులో అంచు నుంచి మధ్యకు 0.7 మీటర్ల దిగుడు. స్క్రేపర్ (అడుగున బురదను మధ్యకు తోసే చేయి) గంటకు ఒక చుట్టు తిరిగితే చివర వేగం నిమిషానికి 0.9 మీటర్లు, అది చాలు. రబ్బరు అంచుకూ స్లాబుకూ మధ్య ఖాళీ అంతటా ఒకేలా లేకపోతే కొన్నిచోట్ల బురద కుళ్లుతుంది. వేసవిలో నల్లటి ముద్దలు బుడగలతో పైకి తేలితే అదే సంకేతం. స్క్రేపర్‌ను రెండు మూడు రోజులు ఆపి ఉంచి, మళ్లీ ఒక్కసారిగా మొదలెట్టకండి. గట్టిపడిన బురద మీద భారం పడి చేయి వంగుతుంది. ముందు బురద తీసి, తర్వాత తిప్పాలి. భారం మితిమీరితే మోటారును ఆపే టార్క్ లిమిట్ స్విచ్ పని చేస్తోందో లేదో వరదల ముందే చూసుకోవాలి.

ఊరు పెరిగి పదిహేను ఎంఎల్‌డీ కావాలన్నప్పుడు కొత్త ట్యాంకు బదులు ట్యూబ్ సెట్లర్లు వేస్తారు. 60 డిగ్రీల వాలులో 50 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాలు, 600 మిల్లీమీటర్ల పొడవు. వాటి పైవైశాల్యం మీద గంటకు 5 మీటర్ల లోడింగ్ ఇచ్చినా ఫ్లాక్ దిగాల్సిన వేగం 1.15 మీటర్ల దగ్గరే నిలుస్తుంది, అంటే పాత లెక్కే. సిద్ధాంతం బాగుంది, పని చేస్తుంది కూడా. అయితే ఫ్లాక్యులేటర్ మారలేదు కాబట్టి 30 నిమిషాలు 20కి పడతాయి, బురద వాల్వుల మీద ఒకటిన్నర రెట్ల పని పడుతుంది. గొట్టాల మీద నాచు పట్టి, మడ్డి పేరుకుని, ట్యాంకు దించినప్పుడు నీటి ఆసరా పోయి ఆ బరువుకు సపోర్టు కడ్డీలు వంగుతాయి. నీటి మట్టం గొట్టాల కిందికి దించుతూనే హోసుతో కడగాలి. ఎండ తగలకుండా షేడ్‌నెట్ కప్పాలి.

ఆఖరుది డెల్టాకు మరీ ముఖ్యమైనది, స్ట్రక్చరల్ ఇంజనీరుకు తప్ప ఎవరికీ పట్టనిది. ట్యాంకు నేలలోకి దిగి ఉండి, భూగర్భజలం స్లాబు మీదికి రెండున్నర మీటర్ల ఎత్తున ఉంటే కింది నుంచి చదరపు మీటరుకు 2.5 టన్నుల తోపు ఉంటుంది. 250 మిల్లీమీటర్ల స్లాబు బరువు 0.625 టన్నులే. ట్యాంకులో నీళ్లున్నంతసేపు ఏమీ కాదు. కడగడానికి ఖాళీ చేసిన రోజు స్లాబు పగలొచ్చు, లేదా ట్యాంకు మొత్తంగా లేవొచ్చు. వీలైతే ట్యాంకును నేల మీదికి ఎత్తి కట్టండి. కుదరకపోతే స్లాబు మందం, బయటికి పొడుచుకొచ్చే పాదం, దాని మీది మట్టి బరువు కలిపి తోపు కంటే కనీసం 1.2 రెట్లు ఉండాలి. ప్రెషర్ రిలీఫ్ వాల్వులు పెట్టినా వాటినే నమ్ముకోవద్దు, బురదకు మూసుకుపోతాయి. పక్కన ఒక పరిశీలన బోరు దించి ఉంచితే అందులో నీటి మట్టం చూసి ఖాళీ చేయాలో వద్దో తేల్చుకోవచ్చు. వార్షిక శుభ్రత కాలువలు కట్టేసి భూగర్భజలం దిగిన వేసవిలో పెట్టుకోవాలి, ఒక్కో ట్యాంకు చొప్పున, రెండోది నడుస్తుండగానే.